స్క్రీను కడిగిన నీళ్ళు

పలాస–కాశీబుగ్గలో బస్తాలు లారీకెక్కే చోట కాసేపు నిలబడితే, గోడకి ఆనించిన ఒక రేకు కనిపిస్తుంది. దాంట్లో అక్షరాలు కోసి ఉంటాయి. రేకుని బస్తా మీద పెట్టి నల్లరంగు అద్దితే వ్యాపారి గుర్తు పడుతుంది. ఈసారి చూసినప్పుడు ఆ అక్షరాల్ని కొంచెం పట్టించుకోండి. ఇంగ్లీషు ‘ఓ’ పూర్తి గుండ్రం కాదు, ఎదురెదురుగా నిలబెట్టిన రెండు చంద్రవంకలు. ‘ఎ’ నడుం దగ్గర తెగి ఉంటుంది. అలా తెంచకపోతే ‘ఓ’ మధ్యలో ఉన్న ముక్క ఊడి కింద పడుతుంది, బస్తా మీద నల్లటి మచ్చ మిగుల్తుంది. తెలుగులో కోసిన రేకు మాత్రం నాకు ఆ బజారులో కనబడలేదు. కోసేవాడి బాధ ఊహించుకోవచ్చు. మన ‘ర’ గుండ్రంగా మూసుకుని ఉంటుంది. సున్నా సరేసరి. ‘ఠ’ అయితే మూసుకున్న గుండ్రంలో మళ్ళీ ఒక చుక్క!

ఆ మధ్య ముక్కని గాల్లో నిలబెట్టడం ఎలా అన్నదే స్క్రీన్ ప్రింటింగ్ వెనకున్న అసలు సమస్య. జపానులో బట్టల మీద అచ్చు వేసేవాళ్ళు మల్బరీ కాగితాన్ని పొరలుగా అంటించి, పర్సిమన్ పండు కసరు పట్టించి, అందులో నమూనా కోసేవాళ్ళు. విడి ముక్కలు ఊడిపోకుండా రెండు పొరల మధ్య సన్నటి పట్టుదారాలు పరిచేవాళ్ళు. రంగు దారం పక్కనుంచి జారిపోతుంది, దారం గుర్తు బట్ట మీద పడదు. ఆ దారాలనే దగ్గర దగ్గరగా నేస్తే స్క్రీను. 1907లో మాంచెస్టర్‌లో శామ్యూల్ సైమన్ అనే ఆయన పట్టుబట్ట బిగించి అచ్చు వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఈ పనికి బాగా కుదిరిన బట్ట ఏదయ్యా అంటే, పిండిమరల్లో పిండి జల్లించడానికి నేసిన పట్టు. ఇప్పటికీ మన కొట్లలో దాన్ని ‘బోల్టింగ్ క్లాత్’ అనే అడుగుతారు, అంటే జల్లెడ గుడ్డ. చూర్ణాన్ని పల్చటి గుడ్డలో వేసి వస్త్రగాలితం పట్టడం మన ఇళ్ళల్లో ముసలివాళ్ళకి తెలుసు. ఆ గుడ్డనే చెక్క చట్రానికి బిగించి, వద్దనుకున్న రంధ్రాలు మూసేస్తే అయిపోయింది, అదే స్క్రీను.

మా ఇంటికి ఈ గొడవంతా సంచుల మీదుగా వచ్చింది. మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గర ఊరు. మా పిన్ని పదిహేనేళ్ళు పలాసలో జీడిపిక్కలు కొట్టింది. పెంకులో ఉండే నూనె చేతికి తగిలితే కాలుతుంది. బూడిదో ఆముదమో రాసుకుని కొడతారు, అయినా వేళ్ళ చివర్లు నల్లగానే ఉంటాయి. చిన్నాన్నకి కిడ్నీలు దెబ్బతిని వారానికి రెండుసార్లు డయాలసిస్ మొదలయ్యాక, పొద్దున్నే వెళ్ళి సాయంత్రం వచ్చే పని ఆమెకి కుదర్లేదు. కుట్టుమిషను ముందు కూర్చుంది. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాన్ల మీద దేశమంతా నిషేధం వచ్చింది. అదే ఏడాది చివర్లో 120 మైక్రాన్ల లోపు క్యారీబ్యాగులు కూడా వద్దన్నారు. అమలు సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయితే పెళ్ళిలో తాంబూలం సంచి గుడ్డదే ఉండాలన్న ముచ్చట మాత్రం మా ఊళ్ళ దాకా పాకింది. ఉత్త సంచి ఎవరైనా కుడతారు. దాని మీద పెళ్ళివారి పేరుంటేనే నాలుగు రూపాయలు ఎక్కువ.

ఆ పేరు వెయ్యడానికి టౌన్లో ప్రెస్సువాళ్ళు స్క్రీనుకి 500 అడిగారు, ప్రింటు కూలి విడిగా. ఐదొందల సంచులు వేయించుకునేవాడికి అది సంచికి రూపాయి. పిన్నికి వచ్చేవన్నీ అరవై, ఎనభై సంచుల పెళ్ళిళ్ళు. అరవైకి 500 అంటే సంచికి ఎనిమిది రూపాయల పైమాట, ఆమెకి మిగిలేది అంతకంటే తక్కువ. పైగా పనయ్యాక ఫ్రేము వాళ్ళ దగ్గరే ఉంటుంది. అందులో అక్షరాలు కడిగేసి ఇంకో పెళ్ళికి వాడుకుంటారు. అందులో అన్యాయం ఏమీ లేదు, వాళ్ళ లెక్క వాళ్ళది. “అదేటో మనవే సేసుకుంటే నేదా?” అంది పిన్ని. ఇంజినీరింగు చదువుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నాను కాబట్టి ఆ ప్రశ్న నాకొచ్చింది.

ముందు గుడ్డ సంగతి. మెష్ నంబర్లు వినగానే కంగారు పడతారు గానీ పలాసవాళ్ళకి అది చాలా తేలిక. గుండు పప్పుకి నంబర్లుంటాయి కదా, 180, 210, 240, 320 అని. పౌనుకి సుమారు ఎన్ని గుళ్ళు తూగుతాయో అదే నంబరు. నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది. మెష్ కూడా అంతే. సెంటీమీటరుకి ఎన్ని దారాలో అదే నంబరు, నంబరు పెరిగితే రంధ్రం సన్నం. 43టి గుడ్డలో రంధ్రం దాదాపు 150 మైక్రాన్లు, 120టి లో 50 లోపే. కొట్టతను అలవాటుగా 120టి చుట్ట తీశాడు. పెళ్ళికార్డులకి అదే వాడతారు, కాగితం మీద వెంట్రుకంత గీత కూడా పడుతుంది. గుడ్డ సంచికి అది పనికిరాదు. నీళ్ళతో కలిపే రంగు రెండు మూడు సంచులకే ఆ సన్నటి రంధ్రాల్లో ఎండి కూర్చుంటుంది. దొరికిన రంగు కాస్తా కోరా బట్ట పీల్చేస్తుంది, అక్షరం వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. మరీ 43టి తీసుకుంటే ఇంకో తంటా. గీత నిలవాలంటే దాని మందం కనీసం ఒక రంధ్రం, రెండు దారాలంత ఉండాలని ఒక మోటు లెక్క. 43టి లో అది 0.3 మిల్లీమీటర్లు. ఇంగ్లీషు పెద్దక్షరాలకి అది చాలా ఎక్కువే. మనకి?

మన పెళ్ళి సంచి మీద పేర్లకంటే ముందు పడేది ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’. ఆ ఒక్క వరసలో ఎన్ని వత్తులున్నాయో లెక్కపెట్టండి. శకి రవత్తు, మీద గుడిదీర్ఘం. సకి తవత్తు, దానికి కొమ్ము, అదీ మూడుసార్లు. ఘకి నవత్తు. అసలు అక్షరం సెంటీమీటరు ఎత్తుంటే కింద వత్తు దాంట్లో సగం కూడా ఉండదు. ఆ వత్తు లోపలి ఖాళీ ఇంకా చిన్నది. బట్ట మీద రంగు కాస్త పాకుతుంది కాబట్టి ముందు మూసుకుపోయేది ఆ ఖాళీయే. ‘స్తు’ కాస్తా సకి కింద వేలాడుతున్న నల్లటి నలుసు అవుతుంది. ఇంగ్లీషు వీడియోల్లో చెప్పే సైజులు మనకి సరిపోవు, వాళ్ళకి వత్తులు లేవు. మేం 55టి దగ్గర ఆగాం. అక్షరాన్ని పద్దెనిమిది మిల్లీమీటర్లకి పెంచాం. కంప్యూటర్లో కనబడే అందమైన సన్నగీతల ఫాంట్లు పక్కన పెట్టి, లావుగా, వత్తుల్లో చోటున్న ఫాంటు వెతికాం. అలాంటివి తెలుగులో వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే ఉన్నాయి. ఈ పత్రిక చదివేవాళ్ళలో ఎవరైనా ఫాంట్లు గీసేవాళ్ళుంటే, స్క్రీను కోసమే లోపలి ఖాళీలు పెద్దవి చేసి ఒకటి గియ్యండి. పని ఉంది.

నైలానా, పాలియెస్టరా అన్నది ఇంకో ప్రశ్న. నైలాన్ మెత్తగా సాగుతుంది, చేత్తో బిగించడం తేలిక, ధర కూడా తక్కువ. కానీ తేమ పీల్చుకుంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో, నీళ్ళ రంగుతో పనిచేసేటప్పుడు, డప్పులా బిగించిన నైలాన్ మధ్యాహ్నానికి దోమతెరలా వదులవుతుంది. గుడ్డ వదులైతే గట్టిగా లాగిన చోట అక్షరం పక్కకి జరుగుతుంది, పేరుకి నీడ పడ్డట్టుంటుంది. పాలియెస్టర్ తేమకి దాదాపు చలించదు. హైదరాబాదులో నైలాన్ చాలేమో గానీ ఉద్దానంలో మాత్రం నాలుగు డబ్బులు ఎక్కువైనా పాలియెస్టరే తీసుకోవాలి.

ఫ్రేముకి చెక్క కొనాల్సిన పని పడలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారుజాము మా ప్రాంతంలో జీడి, కొబ్బరి, పనస చెట్లు తోటలకి తోటలే పడుకున్నాయి. ‘ఉద్దానం’ అంటే ఉద్యానం అని చెప్పుకునే నేల అది. జీడి కర్ర పొయ్యికి పోయింది. పిన్ని పెరట్లో పడ్డ పనసని మాత్రం చిన్నాన్న కోయించి పలకలు చేసి అటక మీద పెట్టించాడు, ఎప్పటికైనా తలుపులకి పనికొస్తుందని. తలుపుల మాట ఎవరూ ఎత్తడంలేదు. ఆ పలకలోంచి అంగుళంన్నర వెడల్పు బద్దలు నాలుగు తీసి, మూలలు ఒకదాంట్లో ఒకటి దిగేలా కోసి, జిగురుతో మేకులతో బిగించాం. చిన్నాన్న గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని చెప్తుంటే నేను కోశాను. ఏళ్ళ తరబడి ఆరిన పనస మెలి తిరగదని ఆయన నమ్మకం. ఇంతవరకూ తిరగలేదు. ఫ్రేముని గచ్చు మీద బోర్లా పెట్టి ఒక మూల నొక్కితే ఎదుటి మూల లేవకూడదు, లేస్తే ఆ ఫ్రేము కుర్చీకో దేనికో వాడుకోవడమే. తడి తగలకుండా వార్నీషు రెండు పూతలు. బద్దల్లో గాడి తీసి, గుడ్డని గాడిలోకి నొక్కి, మీద నూలుతాడు దిగగొడితే బిగువు సమానంగా వస్తుంది. స్టేపుల్స్ కంటే తాడే నయం, వదులైనప్పుడు తాడు పీకి మళ్ళీ బిగించుకోవచ్చు.

ఇక రంధ్రాలు మూసే మందు. కొట్టతను రెండు సామాన్లు ఇచ్చాడు, పాలలాంటి జిగురు ఒక డబ్బా, నారింజ రంగు పలుకుల పొట్లం ఒకటి. పొట్లంలో ఉన్నది అమ్మోనియం డైక్రోమేట్. దాన్ని జిగురులో కలిపి చీకట్లో గుడ్డకి పూసి ఆరబెట్టాలి. దాని మీద నల్ల అక్షరాలున్న కాగితం పరిచి ఎండ చూపించాలి. వెలుగు తగిలిన చోట జిగురు గట్టిపడి నీళ్ళకి కరగదు. నల్ల అక్షరం అడ్డుపడిన చోట మెత్తగానే ఉండి, నీళ్ళు కొడితే కరిగి పోతుంది. డైక్రోమేట్ పూసిన కాగితం వెలుగుకి మారుతుందని ముంగో పాంటన్ అనే స్కాట్లండు మనిషి 1839లోనే కనిపెట్టాడు. దాదాపు రెండు శతాబ్దాల పాతదైనా చవకది, తిరుగులేనిది. చిన్న ప్రెస్సులు చాలావాటిలో ఇప్పటికీ ఇదే.

పొట్లం ఇంకా విప్పలేదు. పిన్ని దాన్ని వెలుగులోకి పెట్టి చూసి, “ఈ పసుప్పచ్చ నీల్లు ఎక్కడ పారబోస్తావురా?” అని అడిగింది.

ఉద్దానంలో ఈ ప్రశ్న మామూలు ప్రశ్న కాదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు – ఈ ఏడు మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి వెతకాలి. ఎందుకొస్తుందో ఇప్పటికీ తేలలేదు. నీళ్ళన్నారు, నేలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. ఎన్నో బృందాలు వచ్చి రక్తమూ నీళ్ళూ సీసాల్లో పట్టుకెళ్ళాయి. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి ఊళ్ళకి తాగునీళ్ళు తెచ్చే సుజలధార పథకం, మూడూ ఒకే రోజు మొదలయ్యాయి. ఇప్పుడు తాగడానికి కుళాయి ఉంది. అయినా అంట్లకీ, బట్టలకీ, దొడ్లో మొక్కలకీ మా పిన్ని ఇంట్లో ఇంకా నుయ్యే. ఇసుక నేల. పోసిన బిందె నీళ్ళు చూస్తుండగానే దిగిపోతాయి.

అందుకని ఒక లెక్క వేశాను. డైక్రోమేట్‌లో ఉండేది ఆరో వేలెన్సీ క్రోమియం, మనుషుల్లో కేన్సరు తెప్పిస్తుందని నిర్ధారణ అయిన పదార్థం. తాగునీళ్ళలో క్రోమియం లీటరుకి 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం, ఐఎస్ 10500, చెప్తుంది. అమ్మోనియం డైక్రోమేట్ బరువులో దాదాపు 41 శాతం క్రోమియమే. అంటే ఒక గ్రాము పలుకుల్లో 410 మిల్లీగ్రాములు. 0.05తో భాగించండి, 8,200 లీటర్లు వస్తుంది. పిన్ని నుయ్యి అడ్డం మీటరున్నర. వానాకాలంలో ఐదు మీటర్ల నీళ్ళుంటాయి. అది కాస్త అటూఇటూగా 8,800 లీటర్లు. ఒక్క గ్రాము చాలు, ఆ నుయ్యి మొత్తాన్ని ఆ గీత దగ్గరికి తీసుకుపోవడానికి. పొట్లంలో ఉన్నది పాతిక గ్రాములు.

కెమిస్ట్రీ తెలిసిన మిత్రుడొకడు ఒక పాయింటు లేవదీశాడు. వెలుగు తగిలాక ఆరో వేలెన్సీ క్రోమియం మూడో వేలెన్సీకి మారుతుంది కదా, అది అంత ప్రమాదం కాదు కదా అని. నిజమే. జిగురు గట్టిపడేది ఆ మార్పు వల్లే. కానీ మనం కడిగి పారేసేది ఏ భాగాన్ని? వెలుగు తగలని భాగాన్ని. నల్ల కాగితం చాటున ఏ మార్పూ లేకుండా, ఆరో వేలెన్సీలోనే మిగిలిపోయిన భాగాన్ని. అంటే ‘శ్రీరస్తు’ ఆకారంలో ఉన్నదంతా, ‘శుభమస్తు’ ఆకారంలో ఉన్నదంతా నేరుగా కాలువలోకి. మారిపోయినది ఫ్రేము మీదే ఉంటుంది. నేల కొంత పట్టి ఉంచుతుంది, కొంత దార్లో మారుతుంది, నేను వేసినంత మోటుగా అసలు లెక్క ఉండదు. మా జబ్బుకి ఇదే కారణమని కూడా అనడంలేదు. కారణం తెలియని చోట ఇంకొకటి తెచ్చి పొయ్యడమెందుకు అన్నదొక్కటే పిన్ని మాట. దానికి నా దగ్గర ఎదురు మాట లేదు.

“అయితే కొనుక్కుందాం, ప్రెస్సులోనే చేయిద్దాం” అనొచ్చు. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయని అడిగితే అక్కడి కుర్రాడు వెనక మురిక్కాలువ వైపు గడ్డం ఊపాడు. ఆ కాలువ ఎవరి ఊరి పక్కనుంచి పోతుందో! స్క్రీను కొనుక్కుంటే నీళ్ళు మన కంటికి కనబడవు, అంతే తేడా. ఇంట్లో చెయ్యాలా కొనాలా అని ఎవరైనా అడిగితే డబ్బు లెక్క నిమిషంలో తేలుతుంది. ఈ రెండో లెక్కని ఎవరూ వెయ్యరు. ఇంట్లో చేసుకుంటే కనీసం బకెట్ మన చేతిలో ఉంటుంది.

పొట్లం వెనక్కిచ్చేశాం. దాని బదులు డయాజో కలిపే మందు తెప్పించాం. ధర ఎక్కువ, కలిపాక కొన్ని వారాలే ఆగుతుంది, వేడికి త్వరగా చెడుతుంది. దాంట్లో క్రోమియం లేదు. అలాగని అది పన్నీరేం కాదు, చేతికి తొడుగు వేసుకోవాల్సిందే. ఫ్రిజ్‌లో పెట్టమని డబ్బా మీద రాసి ఉంది. చిన్నాన్న ఇంజెక్షన్లుండే ఫ్రిజ్‌లో దీనికి పిన్ని చోటివ్వలేదు, ఇవ్వకూడదు కూడా. మూత బిగించి, తడి ఇసుక పోసిన మట్టికుండలో దింపి, మంచం కింద చీకట్లో పెట్టాం. కడగడం నూతి దగ్గర కాదు, ప్లాస్టిక్ టబ్బులో. ఆ నీళ్ళు రెండ్రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. పైన తేరినవి గుడ్డలో వడకట్టి మళ్ళీ మొదటి కడుగుకే వాడుకుంటాం. మడ్డిని పాత రేకు మీద ఎండబెడితే అట్టులా ఊడొస్తుంది, దాన్ని పొట్లం కట్టి చెత్త బండికి. అంతకన్నా మంచి దారి తెలిసినవాళ్ళు చెప్తే నేర్చుకుంటాం.

ఎండ మాత్రం మనకి కొల్లలు. లైట్ల పెట్టె అక్కర్లేదు. అక్షరాల్ని మామూలు కాగితం మీదే లేజర్ ప్రింటు తీసి, వెనకవైపు కొబ్బరినూనె దూదితో రాసి, మిగిలిన జిడ్డు గుడ్డతో అద్దేస్తే కాగితం అద్దంలా అవుతుంది, నలుపు నలుపుగానే ఉంటుంది. ఫిలిం డబ్బులు మిగిలాయి. కింద నల్లగుడ్డ చుట్టిన పలక, దాని మీద స్క్రీను, అక్షరాలు, పైన కిటికీ అద్దం. ఎండలోకి తీసే ముందు ఒక చిన్న ముక్క మీద పరీక్ష చేసుకోవాలి. అట్టముక్కతో కప్పి పదిహేను సెకన్లకోసారి కొంచెం కొంచెం జరుపుకుంటూ పోతే, ఒకే స్క్రీను మీద పదిహేను, ముప్ఫై, నలభై ఐదు సెకన్ల మెట్లు పడతాయి. కడిగాక ఏ మెట్టు దగ్గర ‘ర’ లోపలి ఖాళీ శుభ్రంగా నిలిచి, అంచు జారిపోకుండా ఉందో అదే మన టైము. ఏప్రిల్లో పదకొండు గంటల ఎండకి మా పెరట్లో అది తొంభై సెకన్లు. కార్తీక మాసంలో మళ్ళీ చూసుకోవాలి. వాయుగుండం పట్టిన రోజుల్లో పూసిన మందు ఒక పూటంతా ఆరదు, అప్పుడు ఒప్పుకున్న పని వాయిదా వెయ్యడమే. తడిమీద ఎండ చూపిస్తే గట్టిపడదు.

బట్ట గురించి రెండు మాటలు. కోరా బట్టకి మిల్లు గంజి ఉంటుంది. దాన్ని వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి ఆరేశాకే కుట్టాలి, లేకపోతే రంగు గంజిని పట్టుకుంటుంది, మొదటి ఉతుకుడుకి గంజితో పాటే పోతుంది. రంగు ముద్దలో బైండరు కొలత తప్పకూడదు. ఆరాక వెనకనుంచి ఇస్త్రీ పెట్టె బాగా వేడిగా నాలుగు నిమిషాలు. ఇంతకుమించి ఇందులో రహస్యం లేదు.

పొందూరు ఖద్దరు మీద వేస్తే ఎలా ఉంటుందని మా తెలుగు మాష్టారు అడిగారు. వలుగ చేప దవడతో దూది ఏకి, అంత సన్నటి నూలు వడికి నేసిన బట్ట మీద రబ్బరు బద్దతో రంగు లాగడానికి నాకు మనసొప్పలేదు. పెడనలో చెక్క అచ్చులతో కలంకారీ వేసేవాళ్ళకి స్క్రీను నకళ్ళు ఎంత దెబ్బ కొట్టాయో విన్నాక మరీను. స్క్రీను చాలా మంచి పనిముట్టు, కానీ చేతిపని అని చెప్పి అమ్మితే అది అబద్ధం. తాంబూలం సంచికి ఆ బాధ లేదు.

అసలు మార్పు మాత్రం పిన్ని తెచ్చింది. ముప్ఫై నలభై సంచుల చిన్న పనికి మందు కలపడం, ఆరబెట్టడం, టబ్బు, మడ్డి, ఇదంతా ఎందుకని ఆమె విసుక్కుంది. ఉత్త గుడ్డ బిగించిన స్క్రీను ఒకటి ఖాళీగా ఉంది. ట్రేసింగ్ కాగితం మీద పెళ్ళికూతురు పేరు, పెళ్ళికొడుకు పేరు తనే పెద్దగా రాసి, బ్లేడుతో కోసింది. చదివింది ఏడో తరగతే అయినా పిన్ని అక్షరం ముత్యం. ముగ్గు వేసినట్టు రాస్తుంది, వత్తుని పక్కకి లాగి దానికి చోటిస్తుంది. ఫాంట్లకి ఇంకా రాని తెలివి అది. కోసిన కాగితాన్ని సంచి మీద పరిచి, ఊడొచ్చిన లోపలి ముక్కల్ని వాటి వాటి చోట్ల పెట్టి, పైన స్క్రీను దించి ఒక్కసారి రంగు లాగితే చాలు. రంగు జిగటకి కాగితమూ, విడి ముక్కలూ అన్నీ గుడ్డకి అంటుకుపోతాయి. ‘ర’ లోపలి ముక్క గాల్లో నిలబడింది, దానికి ఏ మందూ లేదు. కాగితం నానేదాకా నలభై యాభై సంచులు వస్తాయి. తరవాత దాన్ని పీకి అవతల పారేసి, స్క్రీను తడిగుడ్డతో తుడవడమే.

ఇప్పుడు పేర్లన్నీ పిన్ని చేతిరాతే. మారకుండా ప్రతి పెళ్ళికీ పడే శ్రీరస్తు వరసకి మాత్రం డయాజో స్క్రీను ఒకటుంది. ఒకసారి చేసింది, మళ్ళీ కడగక్కర్లేదు. మొన్న అక్కుపల్లి నుంచి వచ్చినాయన కంప్యూటర్ అక్షరాలు కాదు, ఆ సంచి మీదున్నట్టే కావాలన్నాడట. మాఘమాసానికి నాలుగు పెళ్ళిళ్ళు ఒప్పుకుంది. కాగితాలు ముందే కోసి పాత క్యాలెండరు మధ్య పెట్టింది. గాలికి ఎగిరిపోకుండా లోపలి ముక్కల్ని ఏ పెళ్ళివి ఆ పెళ్ళికి విడివిడిగా అగ్గిపెట్టెల్లో దాచి, పైన పేరు రాసింది.